తొంభై తొమ్మిది శాతం

బుధవారం

ఆస్పత్రి వరండాలో ఉన్నాను. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

మా రెండు లాంచీల్లో పెద్దది వంతెన స్తంభానికి కొట్టుకుంది. రోజూ మా లాంచీలో పాలు తెచ్చే పాలాయన మునిగిపోయాడు. లాంచీ నడుపుతున్న మా ఆయన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు.

ఇంకా బయటికి తీసుకురాలేదు.

గురువారం

ఆయన ప్రాణానికి ఏం కాదన్నారు. తుంటి ఎముక విరిగింది, ఎడమ కాలు రెండుచోట్ల. నడుస్తారా అంటే డాక్టరు ముందు నిద్రపోనివ్వండి అన్నాడు. అది జవాబు కాదని నాకూ తెలుసు.

నేను అంతా చూశాను. టికెట్ గది కిటికీలోంచి నది మొత్తం కనిపిస్తుంది. పెద్దది సగం దూరం పోయింది. చిల్లర సర్దుకుంటున్నాను. ఇంజను చప్పుడు ఆగిపోయింది. ఏళ్ళ తరబడి విని విని అసలు చెవికే ఆనని చప్పుడు అది. ఆగినప్పుడే వినిపించినట్టయింది. తలెత్తి చూస్తే లాంచీ అడ్డం తిరుగుతోంది. వరద నీళ్ళు కదా, కడుతున్న కొత్త వంతెన వైపు తోసుకుపోయింది. ఆయన గెడ తీసుకుని పక్కకి వచ్చారు, స్తంభాన్ని తోసి లాంచీని తప్పిద్దామని. అంత లాంచీని ఒక మనిషి గెడతో ఆపుతాడా? ఆపుదామనుకున్నారు. గెడ విరిగింది. ఆయన లాంచీకీ స్తంభానికీ మధ్య ఇరుక్కున్నారు.

లాంచీ ఒరిగినప్పుడు వెనకవైపు కూర్చున్నవాళ్ళు నీళ్ళలో పడ్డారు. వంతెన పనివాళ్ళు తమ పడవలతో అందరినీ లాగారు. పాలాయన్ని మాత్రం దిగువనెక్కడో దొరకబట్టారు, అప్పటికే ప్రాణం లేదు. ఆయనకి ఈత రాదు. ఇన్నేళ్ళు రోజూ నది దాటిన మనిషికి ఈత రాదని నాకు నిన్ననే తెలిసింది.

ఆస్పత్రి వరండాలోకి తమ్ముడు వచ్చాడు. రెండు లాంచీల ఇంజన్లూ చూసేది వాడే. స్క్రూడ్రైవరు చెవికి ఆనించి ఇంజను లోపలి చప్పుడు వింటాడని మా ఆయన వాణ్ణి డాక్టరూ అని పిలుస్తారు. నిన్న మాత్రం డాక్టరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇంజను పట్టేసింది బావా, ఇక తిరగదు, అన్నాడట స్ట్రెచర్ మీద ఉన్న మనిషితో. మా ఆడపడుచు అందరిముందూ నన్ను చూసి, మీ తమ్ముడే కదా వదినా ఇంజను చూసేది, అంది.

వాడు నా దగ్గరికొచ్చి, ఆయిల్ టైముకే మార్చానక్కా, అన్నాడు. నేనేమీ అడగకముందే.

నేనొక మాట అన్నాను. ఇక్కడ రాయను. వాడు వెళ్ళిపోయాడు.

శుక్రవారం

వాడికి ఫోన్ చెయ్యలేదు.

శనివారం

ఈ రోజు నుంచి చిన్న లాంచీ మళ్ళీ తిప్పుతున్నారు. వద్దందామనుకున్నాను, కానీ అటు ఒడ్డువాళ్ళు ఎలా వస్తారు? రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలంటే సగం రోజు పోతుంది. బడి పంతుళ్ళు, కూరగాయలవాళ్ళు, డయాలసిస్‌కి వచ్చే ముసలాయన. మా మరిది నడుపుతున్నాడు. జాగ్రత్తగా ఉంటాలే వదినా, వంతెనకి దూరంగా తిప్పుతా అన్నాడు.

టికెట్ గదిలో నా బదులు తోటికోడలు కూర్చుంటోంది.

పాలాయన ఇంటికి వెళ్ళాలి. వెళ్ళాలి. రేపు.

ఆదివారం

వెళ్ళలేదు. ఆయన మాట్లాడుతున్నారు కాబట్టి ఇక్కడే ఉండిపోయాను. అదే కారణం.

మొదట అడిగింది, ఎవరెవరు పడ్డారని. చెప్పాను. పాలాయన సంగతి చెప్పలేదు. ఆయన నా మొహం చూసి ఇంకేం అడగలేదు. కాసేపటికి, కొన్నాళ్ళుగా ఇంజను వేడెక్కాక ఆయిల్ ప్రెజర్ మీటరు ముల్లు దిగిపోతోందే, అన్నారు. మీటరు పాడయిందనుకున్నారట. అద్దం మీద వేలితో కొట్టి కొట్టి చూసేవారట. కొత్తది తెచ్చాక డాక్టరుకి చెబుదామనుకున్నారట.

డాక్టరేడి, రాలేదేం, అన్నారు.

పనుందండీ అన్నాను.

సోమవారం

వాడికి ఫోన్ చెయ్యలేదు. వాడి గురించి ఆలోచించడం కూడా లేదు. రేవు పక్క రోడ్డు మీద లారీల వర్క్‌షాపులో పడుకుంటున్నాడని మరిది చెప్పాడు. తింటున్నాడో లేదో అడగలేదు. మరిదే చెప్పాడు, తినడం లేదని.

మంగళవారం

నది రవాణా ఆఫీసు నుంచి విచారణకి ఇంజనీరమ్మ వచ్చింది. నా వయసే ఉంటుంది. పెద్దదాని ఇంజను మా షెడ్డులో విప్పించింది. ఇంటివాళ్ళు ఒకరుండాలంటే నేను వెళ్ళాను. తమ్ముడి తప్పేంటో నా కళ్ళతో చూద్దామనే వెళ్ళాను. అది రాయడానికి కూడా సిగ్గు లేదు నాకు.

ముందు ఆయిల్ చూసింది. కొత్తదే. లెవెల్ సరిగ్గా ఉంది. బోల్టులన్నీ సరిగ్గా బిగించి ఉన్నాయి. ఇంజను బాగా చూసుకున్నారమ్మా అంది. నాకు కోపం వచ్చింది. బాగా చూసుకున్నదైతే ఎందుకు పట్టేసింది?

బేరింగులు చూపించింది. లోపల తిరిగే ఇరుసుని మోసే రేకులవి, అర్ధచంద్రాల్లా ఉంటాయి. ఒకటి కరిగి ఇరుసుకే అతుక్కుపోయింది. మిగతావాటి మీద వరసగా గీతలు, గోళ్ళతో గీరినట్టు.

తర్వాత ఆయిల్ ఫిల్టరు రేకు కత్తిరించి లోపలి కాగితం బయటికి లాగింది. మడతలు మడతలుగా బారెడు వచ్చింది. భూతద్దం పెట్టి చూసి, ఈ ఫిల్టర్లు ఇంకా ఉన్నాయా అని అడిగింది. టికెట్ గదిలో అటక మీద పెట్టెలున్నాయి, తెచ్చి ఇచ్చాను.

పెట్టె మీద బొటనవేలంత అక్షరాల్లో 99% అని ఉంటుంది. నాకు ముందే తెలుసు. పోయిన ఏడాది వానలకి ముందు కొన్నప్పుడు నేనూ ఇంజను సామాన్ల కొట్లోనే ఉన్నాను. తమ్ముడు ఎప్పుడూ వాడే పాత రకం చేతిలోకి తీసుకున్నాడు, దాని మీద తొంభై అయిదు అని ఉంది. మా ఆయన నవ్వి, ఏం డాక్టరూ, ఎదురుగా తొంభై తొమ్మిది ఉంటే తొంభై అయిదు పట్టుకుంటావేంట్రా, చిన్నప్పట్నుంచీ తక్కువ మార్కులంటేనే ఇష్టమా, అన్నారు. నేనూ నవ్వాను. ఇది అలవాటైన రకం బావా అని గొణిగాడు. రెండు లాంచీలకీ చాలినన్ని తొంభై తొమ్మిదివే కొన్నాం.

ఇంజనీరమ్మ పెట్టె తిప్పి, అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించింది. నలభై మైక్రాన్లు అని ఉంది. నాకేం అర్థం కాలేదు. ఆవిడ విసుక్కోలేదు. మీ ఇంట్లో పిండి జల్లించే జల్లెడ ఉంటుంది కదా, బయట ఇసుక జల్లించే పెద్ద జల్లెడ కూడా చూసే ఉంటారు, అంది. ఇసుక జల్లెడ కూడా గులకరాళ్ళని వందకి తొంభై తొమ్మిది ఆపుతుంది. అది అబద్ధం కాదు. అదే జల్లెడలో పిండి పోస్తే?

"ఎంత శాతం ఆపుతుంది అన్నది సగం ప్రశ్నేనమ్మా. ఎంత సైజు దుమ్ముని ఆపుతుంది అన్నది మిగతా సగం. రెండూ కలిపి అడక్కపోతే ఆ అంకెకి అర్థం లేదు."

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతట, మన తలవెంట్రుక మందం దాదాపు డెబ్బై మైక్రాన్లట. ఇరుసుకీ బేరింగుకీ మధ్య నూనె పొర అంతకన్నా ఎంతో పలచన. పెద్ద రేణువులు ఆ సందులో దూరనే దూరవు. మరీ చిన్నవి నూనెతో పాటు జారిపోతాయి. పదికీ ఇరవైకీ అటూ ఇటూ ఉన్నవే దూరి గీస్తాయి, అవే చెడ్డవి. పాత ఫిల్టరు తొంభై అయిదు శాతం ఆపేది పదిహేను మైక్రాన్ల వాటిని. కొత్తది తొంభై తొమ్మిది ఆపేది నలభై వాటిని. పదిహేను వాటిలో సగం కూడా ఆపదట. దుమ్ము తక్కువుండే చోట ఏదో సరిపోతుందేమో, వంతెన పని మొదలయ్యాక ఇక్కడ గాలి నిండా సిమెంటు, రాతిపొడే కదా, అంది.

బేరింగులు అరిగి సందు పెరిగితే నూనె జారిపోయి ఒత్తిడి పడిపోతుందట. అంటే మీటరు పాడవలేదు. ఆ ముల్లు నిజమే చెప్పింది.

మరి తప్పెవరిది అని అడిగాను. ఆవిడ పనిముట్లు తుడుచుకుంటూ, ఇంజను ఎందుకు ఆగిందో రాయడం వరకే నా పని, అంది.

బుధవారం

పొద్దుట్నుంచీ ఒకటే ఆలోచన. ఎవర్ని అనాలి?

కొట్టువాడు అబద్ధం చెప్పలేదు. పెట్టె మీద అబద్ధం రాయలేదు. తమ్ముడు టైముకి ఆయిల్ మార్చాడు. మా ఆయన ఖరీదైనదే కొన్నారు, మంచిదనే కొన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ కక్కుర్తి పడలేదు. మనిషి పోయాడు.

ఎవరో ఒకరు దొంగ దొరికి ఉంటే బాగుండేది. ఇంజనీరమ్మ మీద కూడా కోపం వచ్చింది, ఒక్క దొంగనైనా చూపించనందుకు.

తమ్ముడికి చెప్పాలి. ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. రేపు చెబుతాను.

రోజంతా ఆ పెట్టె గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. అదొక్కటే ఆలోచించాను. దీన్ని రేపు చదువుకుంటే నా బుద్ధి నాకే తెలుస్తుంది.

శుక్రవారం

నిన్న రాయలేకపోయాను. నిజంగానే నా బుద్ధి నాకు తెలిసొచ్చింది.

నిన్న మధ్యాహ్నం మరిది ఆస్పత్రికి అన్నం తెచ్చాడు. వాళ్ళన్నయ్య నిద్రపోతున్నారు. వెళ్ళబోతూ మామూలుగా అన్నాడు, వదినా, అన్నయ్య మీటరు ముల్లు సంగతి అన్నాడట కదా, నాదీ అంతే, ఎండెక్కితే దిగిపోతోంది, రెండు మీటర్లూ ఒకచోటే కొన్నాం, రెండూ ఒకేసారి పోయినట్టున్నాయి, అని. మధ్యాహ్నం ట్రిప్పుకి టైమవుతోందని వెళ్ళిపోయాడు.

నేను సరే అన్నాను. సరే అని మందుల చీటీ తీసుకుని కింద వరసలో నిలబడ్డాను. ముందు ఒకావిడ దగ్గుమందు గురించి కౌంటరువాడితో వాదిస్తోంది. అప్పుడు దిగింది నా బుర్రలోకి. చిన్నదాంట్లోనూ అదే ఫిల్టరు. ఏడాదిగా అదే ఫిల్టరు. అదే ముల్లు. రెండు రోజులుగా ఆ సంగతి మొత్తం తెలిసింది మా ఇంట్లో నాకొక్కదానికే. చిన్నదాంట్లోనూ అదే ఉందని ఇంజనీరమ్మకి కూడా చెప్పలేదు. అటక మీంచి పెట్టెలు దించి ఇచ్చింది కూడా నేనే. వరసలోంచి ఎలా బయటికొచ్చానో గుర్తులేదు.

మరిదికి ఫోన్ చేశాను. ఎత్తలేదు, ఇంజను పక్కన వినపడి చావదు. తోటికోడలికి చేశాను, ఇప్పుడే కదిలిందక్కా, నిండుగా ఉంది, అంది.

తమ్ముడికి చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. ఇన్నాళ్ళూ ఫోన్ చేత్తోనే పట్టుకుని కూర్చున్నాడా అనిపించింది. ఎలా ఉన్నావురా అనలేదు, క్షమించరా అనలేదు. గబగబా చెప్పాను. ఫిల్టరు ఇసుక జల్లెడరా, సన్నదుమ్ము ఆపదు, బేరింగులు అరిగి పట్టేసింది, చిన్నదాంట్లో కూడా ముల్లు దిగుతోందట.



"ఇప్పుడు నీళ్ళ మీద ఉందా అక్కా?"

ఉందన్నాను. ఫోన్ పెట్టేశాడు.

దొరికిన బండి ఎక్కి రేవుకి వెళ్ళేసరికి చిన్న లాంచీ నది మధ్యలో ఆగి ఉంది. చప్పుడు లేదు. గట్టు అంచుదాకా పరిగెత్తాను. మళ్ళీ అదే అనుకున్నాను. తోటికోడలు నన్ను పట్టుకుని ఆపి, చూడక్కా, కదలడం లేదు, లంగరు వేసింది, అంది.

తర్వాత మరిది చెప్పాడు. తమ్ముడు చేపలవాళ్ళ మోటారు పడవ ఎక్కి వెంటపడ్డాడట. పక్కకి రాగానే వేగం తగ్గించమని, వంతెనకి చాలా ఎగువనే లంగరు వేయించి, అది గట్టిగా పట్టిందని చూసుకున్నాకే ఇంజను ఆపమన్నాడట. జనాన్ని చేపల పడవల్లోకి దించారు. ఒక పంతులుగారు, నడిచే ఇంజనుని ఆపి మమ్మల్ని చేపల కంపులో కూర్చోబెడతారా, ఫిర్యాదు చేస్తాను, అన్నాడట. చెయ్యండి సార్, ఒడ్డుకెళ్ళి చెయ్యండి, అని తమ్ముడే ఆయన సంచీ అందుకున్నాడట.

డయాలసిస్ ముసలాయన దిగుతూ నా నెత్తి మీద చెయ్యి పెట్టి వెళ్ళాడు. ఆయనకి ఏం జరిగిందో తెలియదు. నేను ఏడుస్తున్నానని పెట్టాడు, అంతే.

శనివారం

చిన్నదాని ఇంజను విప్పారు. తమ్ముడు ఒక బేరింగు తీసి, తుడిచి, నా అరచేతిలో పెట్టాడు. పైన బూడిదరంగు పొర ఉండాలట. సగానికి పైగా పోయి ఎర్రగా రాగి కనిపిస్తోంది. గోరు పెడితే గీతల్లో దిగబడింది.

ఎన్నాళ్ళు ఆగేది అని అడిగాను. చెప్పలేనక్కా, మొన్ననే అవ్వొచ్చు, నెల పట్టొచ్చు, అన్నాడు.

షెడ్డులో ఇద్దరమే ఉన్నాం. ఆ రోజు అన్న మాట ఇక్కడ రాయనన్నాను కదా. ఒక మనిషిని చంపావురా అన్నాను. అమ్మ పోయాక నా చేత్తో పెంచినవాణ్ణి, అందరి ముందూ. తప్పయిపోయిందిరా అని ఇవాళ అందామనుకున్నాను. వాడే మాట్లాడాడు.

"నువ్వన్నది నిజమేననుకున్నానక్కా. ఏం మర్చిపోయానా అని ఒక్కొక్క బోల్టూ తలుచుకుంటూ కూర్చున్నాను. ఏదీ దొరకలేదు. దొరక్కపోతే ఇంకా భయమేసింది."

వాడి తల నా భుజానికి ఆనించుకున్నాను. గ్రీజు వాసన. నా చీర పాడవుతుందని వాడు చేతులు దూరంగా పెట్టుకున్నాడు.

సోమవారం

ఆయనకి చెప్పేశాం. ఇప్పుడొద్దక్కా, కోలుకోనీ, అన్నాడు తమ్ముడు. దాచింది చాలనిపించింది నాకు. పాలాయన సంగతి చెప్పాను, ఫిల్టరు సంగతి చెప్పాను, చిన్న లాంచీ సంగతి చెప్పాను.

పాలాయన గురించి ఆ రోజు నా మొహంలోనే చదివానన్నారు. ఫిల్టరు సంగతి మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు.

"కొట్లో నోరు మూయించింది నేనే కదరా," అన్నారు తమ్ముడితో.

"నాకూ తెలిస్తే కదా బావా. అలవాటని పట్టుకున్నాను, అంతే. ఎందుకు మంచిదో అడిగితే నేనూ చెప్పలేకపోయేవాణ్ణి."

డాక్టరూ అని పిలవబోయి ఆగి, వాడి అసలు పేరు పెట్టి పిలిచారు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన నోట ఆ పేరు విన్న గుర్తు లేదు. తమ్ముడు ఆయన దిండు సరిచేసి కూర్చున్నాడు.

మంగళవారం

వెళ్ళాను. పాలాయన ఇంటికి.

పాలాయన భార్య నన్ను లోపలికి రమ్మంది. తిడుతుందనే వెళ్ళాను, తిడితే బాగుండుననే వెళ్ళాను. గేదెలకి నీళ్ళు పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎలా జరిగిందో చెప్పమంది. అందరూ తలొకటీ చెబుతున్నారట, తాగి నడిపారని ఒకరు, దొంగ డీజిలని ఒకరు.

చెప్పాను. తొంభై తొమ్మిది శాతం అని రాసుంటే మంచిదని కొన్నామన్నాను. ఆవిడ మధ్యలో ఆపి అడిగింది:

"అంటే ఆ మిగిలిన ఒక్కడూ మా ఆయనా?"

ఆవిడ వెటకారానికి అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. కాదమ్మా, ఆ లెక్క అలా కాదు, అన్నాను. మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. ఆవిడ లేచి లోపల్నుంచి పాలు వడకట్టే గుడ్డ తెచ్చింది. దీంట్లో గడ్డిపరక ఆగుతుంది, మట్టి ఆగదు, అలాంటిదేనా, అంది. అలాంటిదేనన్నాను. చాలాసేపు ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని మడతలు పెడుతూ కూర్చుంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర అడిగింది, ఆ కొట్లో మీరొక్కరే కొన్నారా, అని.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మళ్ళీ నాకు తట్టలేదు. చేపలవాళ్ళ మోటారు పడవలున్నాయి, వంతెన పనివాళ్ళు సామాను దాటించే పంటు ఉంది, అటు ఒడ్డున నీళ్ళ పంపు ఇంజన్లున్నాయి. ఈ రేవులో అందరికీ ఆ కొట్టే దిక్కు. నిన్నటిదాకా నా తమ్ముడు, నా మొగుడు, నా తప్పు, వాళ్ళ తప్పు అంటూ కూర్చున్నాను. ఈవిడకి కదా ముందు తట్టింది.

తెలియదన్నాను. కనుక్కుంటానన్నాను.

రేపు పొద్దున్న తమ్ముడూ నేనూ చేపలవాళ్ళ దగ్గరికి వెళ్తాం. ముందు ఎవరెవరు కొన్నారో అడగడానికి కొట్టుకి, తర్వాత రేవుకి. ఆవిడా వస్తానంది. మీరెందుకమ్మా, ఈ టైంలో, అన్నాను.

"మీరు చెబితే మీ గొడవ మీరు చెప్పుకుంటున్నారంటారు. నేను నిలబడితే వింటారు," అంది.